పరాంకుశం మాస్టారి మాత్ర

పరాంకుశం మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆయన దగ్గర పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకునే శ్యామలకి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఆ రోజు కళ్లనీళ్లతో వచ్చింది.

ఊళ్లో రక్తదాతల చిట్టా చూసేది ఆ పిల్లే. మర్నాడు పొద్దున్నే వాళ్ల వీధిలోని మహబూబీ కూతురికి రక్తం ఎక్కించాలి. అదే గ్రూపు దాతలకి ఇప్పుడే ఫోన్లు చెయ్యాలి. చిట్టా చూస్తే సగం నంబర్లు తప్పుల తడక. వివరాలు సరిచూసేందుకు ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం, లైబ్రరీ అంటారు, ఒకటుంది గాని, దాని నియమాలు చాలక తనే ఒక నియమం రాసింది. పది అంకెలుండాలి, మొదటిది ఆరుకు తగ్గకూడదు, లేదంటే పక్కన పెట్టెయ్యాలి. తప్పుడువాటిని చక్కగానే ఏరేసింది. మంచివాటి చోట మాత్రం ఒక్క అంకె మిగల్లేదు, అంతా ఖాళీ.

"నా నియమం వాటిని తప్పనలేదు మాస్టారూ. మరి ఎవరు మింగేశారు?"

మాస్టారు తెర వంక చూడనైనా లేదు. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని, అలమరలో బీపీ మాత్రలున్నాయి, తారీఖు దాటిందేమో చూడమన్నారు. ఇంత గొడవలో ఈయన మాత్రలొకటా అని లోపల విసుక్కుంటూనే శ్యామల అట్ట తీసి, వెలుతురుకి పెట్టి చదివింది. దాటలేదు, వేసుకోవచ్చంది. మళ్లీ తన నంబర్ల గోడు అందుకుంది.

మాస్టారు బుద్ధిగా తలూపి, ఉత్త అరచెయ్యి నోటి దగ్గర పెట్టుకుని, గటగటా నీళ్లు తాగేశారు.

"మాత్రేది మాస్టారూ?"

"నువ్వు బాగుందన్నావుగా."

శ్యామల తన చేతిలోని అట్ట వంక చూసుకుంది. సిగ్గుపడి నవ్వి, మాత్ర ఆయన చేతిలో పెట్టి, గ్లాసు నింపి ఇచ్చి, గబగబా కంప్యూటర్ ముందు కూర్చుంది. చూసిన నంబరుని తిరిగి ఇచ్చెయ్యమని తన నియమం చివర ఒక్క వరుస రాసింది. నంబర్లన్నీ ఎక్కడివక్కడ వచ్చి కూర్చున్నాయి. అయిదో ఫోనుకి ఒకాయన, పొద్దున ఆరింటికల్లా ఆసుపత్రి దగ్గరుంటానన్నాడు.

ఫోను పెట్టేశాక ఉండబట్టలేక అడిగింది. ఆ వరుస రాయలేదని ముందే అంటే పోయేదిగా, ఇంతసేపు నన్ను ఏడిపించాలా అని.

"చెబితే ఈ ఒక్క నియమానికే సరిపోయేదమ్మా" అన్నారు మాస్టారు.