కండువా ఉతికిన రాకుమారి

మీ అన్న మనిషిని చంపి ఇంటికొచ్చి, "చెల్లీ, ఈ కండువా కాస్త ఉతికిపెట్టవే" అంటే ఏం చేస్తారు? తల దించుకోకండి, మిమ్మల్నే అడుగుతున్నాను. జవాబు కథయ్యాక చెప్పండి.

అనగనగా నీలగుట్ట అనే రాజ్యం. దానికి గజాంకుడు రాజు, చిత్రాంబ రాణి. వాళ్ళ కొడుకు రణధవళుడు, కూతురు మేదిని. గజాంకుడు గొప్ప న్యాయవంతుడని పేరు. ఆయన వేయించిన చాటింపు పసిపిల్లలకు కూడా నోటికొచ్చు: "చంపినవాడికి ఉరి. చంపాడని తెలిసీ దాచినవాళ్ళకు, తల్లయినా తండ్రయినా తోడబుట్టినవాళ్ళయినా, ఏడేళ్ళు రాతిగనిలో పని." హత్య చేసిన కొడుకును అటకెక్కించి దాచినందుకు గాజులమ్మే ఎల్లమ్మ అలాగే గనికి పోయింది. ఆ రోజు సభంతా చప్పట్లు కొట్టింది.

ఒకనాడు రణధవళుడు వేట నుంచి తిరిగొస్తూ ఏటి దగ్గర పడవ విప్పమన్నాడు.

"ఏరు పోటు మీదుంది దొరా. కాస్త తగ్గనీయండి" అన్నాడు పడవ నడిపే పోలయ్య.

"నాకే ఎదురు చెబుతావా?" అని రాకుమారుడు కత్తి దూశాడు. అంతే. పోలయ్య రేవులోనే ఒరిగిపోయాడు.

రక్తపు కండువాతో ఇంటికొచ్చిన కొడుకును చూసి రాణి గుండెలు బాదుకుంది. రాజు మాత్రం జంఘాలుడనే మాంత్రికుణ్ణి పిలిపించాడు. వాడు సంగతంతా విని నవ్వాడు.

"ఇంటివాళ్ళు ముగ్గురు తలో చెయ్యి వేస్తే దాగని నేరం లేదు మహారాజా! నువ్వు కత్తి దాచు. తల్లి, 'నా కొడుకు ఇల్లు కదల్లేదు' అని చెప్పాలి. చెల్లెలు కండువా ఉతకాలి. తక్కినది నాకు వదిలెయ్."

"నీకేమివ్వాలి?"

"ఏమీ వద్దు. మీరు దాచినన్నాళ్ళూ నాకు చావుండదు. అది చాలు."

రాజు కత్తి దాచాడు. రాణి అబద్ధం చెప్పింది. మేదిని ఏడుస్తూ కండువా ఉతికింది. మాంత్రికుడు ఆ నేరాన్ని గాలిలోంచి దూదిలా ఏరి, ఏడు సముద్రాల అవతలున్న తన చిలుక గొంతులో కుక్కి, పైన రాగి తీగ బిగించాడు.

ఇక చిత్రం చూడండి! లోకమంతా మరిచిపోయింది. చంపిన రణధవళుడు కూడా మరిచిపోయాడు. దాచిన ముగ్గురికే గుర్తుంది! వాడు కడుపునిండా తిని పాటలు పాడుకుంటున్నాడు. చెల్లెలికి ముద్ద దిగడం లేదు.

శవం ఉంది కాబట్టి దోషి కావాలి. పడవ కోసం అన్నదమ్ములు పోట్లాడుకున్నారని ఎవరో అంటే, పోలయ్య తమ్ముడు గవరయ్యను సభకు ఈడ్చుకొచ్చారు. పోలయ్య భార్య నూకాలు రాజు ముందు నిలబడింది.

"నా మొగుణ్ణి చంపింది మా మరిదే అయితే ఉరితాడు నేనే పేనిస్తాను బాబూ. ఆడు చెయ్యలేదు. ఆ పొద్దు మా అత్తకి జ్వరమైతే మందుకెళ్ళాడు."

రణధవళుడు కళ్ళు తుడుచుకున్నాడు. "పాపం, పోలయ్య చిన్నప్పుడు నన్నెన్నిసార్లు ఏరు దాటించాడో! వీణ్ణి ఉరి తీయాల్సిందే నాన్నగారూ."

"అమావాస్యకు ఉరి" అన్నాడు రాజు, కూతురి మొహం చూడకుండా.

మేదిని లేచి నిజం చెప్పబోయింది. నోరు తెరిచింది కానీ మాట బయటికి రాలేదు. నిజం చిలుక గొంతులో ఉందాయె! చెప్పబోయిన ఆమె గొంతూ మూగబోయింది.

"ఊరుకో" అని రాణి చెయ్యి పట్టి లాగింది. సైగలతోనే బతిమాలుతున్న కూతురితో, "నీకు అన్న ఎక్కువా, ఎవడో పడవవాడు ఎక్కువా?" అంది.

మేదిని చెయ్యి విడిపించుకుని ఏటికి పరిగెత్తింది.

"ఏం రాకుమారీ, ఇంకేమైనా ఉతకడానికొచ్చావా?" అంది రేవులో తాబేలు.

మేదిని వెక్కివెక్కి ఏడ్చింది.

"సరేలే. నేను చూశాను, కొంగ చూసింది, ఎండ్రకాయ చూసింది. మంత్రం మనుషులకేగా! కానీ మీ సభలో మా సాక్ష్యం ఎవడు వింటాడు? నిజం దాచిన చిలుక ఏడు సముద్రాల అవతలుంది. దాన్ని తెద్దువు గాని, నా వీపెక్కు."

కొంగ దారి చూపింది. తాబేలు ఈదింది. ఎండ్రకాయ మేదిని కొంగు పట్టుకు వేలాడింది. మొదటి సముద్రం దాటాక తాబేలు అడిగింది: "దూరం చాలా ఉంది. వెనక్కి పోదామా?" మేదిని ముందుకే చెయ్యి చూపింది. నాలుగోది దాటాక అడిగింది: "మీ అన్న చచ్చిపోతాడు. వెనక్కి పోదామా?" మేదిని చాలాసేపు ఏడ్చి, ముందుకే చెయ్యి చూపింది. ఏడోది దాటాక అడిగింది: "నువ్వూ గనికి పోతావు. వెనక్కి పోదామా?" ఈసారి ఏడవలేదు. ముందుకే చెయ్యి చూపింది.

అక్కడి దీవిలో, పంజరం గొలుసును ఎండ్రకాయ కొరికేసింది. మేదిని చిలుక మెడ మీద చెయ్యి వేసింది.

"నువ్వూ మెడ విరవడానికే వచ్చావా?" అంది చిలుక, బిగిసిన గొంతుతో గుసగుసగా. "నీ ముందొచ్చిన రాకుమారులంతా అదే చేసి, మాంత్రికుణ్ణి చంపామని డప్పు కొట్టుకున్నారు. వాడెక్కడ చచ్చాడు? వాళ్ళ ఇళ్ళ రహస్యాలు మాత్రం పూడిపోయాయి. నేను మళ్ళీ పుట్టాను. వాడు చావాలంటే నేను మాట్లాడాలి. తీగ విప్పు. అయితే, విప్పినవాళ్ళ పేరే ముందు పలుకుతాను."

అప్పుడే మాంత్రికుడు గాలిలా వచ్చి చెవిలో అన్నాడు: "విరిచెయ్ తల్లీ. అన్న దక్కుతాడు, పేరూ దక్కుతుంది."

మేదిని పంజరం ఎత్తుకుని తాబేలెక్కింది.

అమావాస్య నాడు గవరయ్య మెడకు తాడు వేశారు. ఊరంతా చూస్తుండగా మేదిని రాగి తీగ విప్పింది.

"మేదిని కండువా ఉతికింది!" అని అరిచింది చిలుక. "చిత్రాంబ అబద్ధమాడింది! గజాంకుడు కత్తి దాచాడు! రణధవళుడు పోలయ్యను చంపాడు!"

గాలిలా వెంటాడి వచ్చిన జంఘాలుడు నిలుచున్నచోటే బూడిదై రాలాడు. రణధవళుడికి అంతా గుర్తొచ్చింది.

"చెల్లీ! నన్ను చంపేశావే!"

మేదినికి గొంతొచ్చింది. "లేదన్నయ్యా. నేను చంపబోయింది ఇదిగో, ఈయన్ని" అని గవరయ్యను చూపించింది.

రాజు కిరీటం తీసి కింద పెట్టాడు. తన చాటింపు తనే చదివాడు. తాడు ఒక మెడ నుంచి ఇంకో మెడకు మారింది. ఆ రోజు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

దాచిన ముగ్గురూ గనికి పోయారు. అక్కడ ఎల్లమ్మ ఎదురొచ్చి, "రామ్మా. సుత్తి ఇలా పట్టుకో, లేకపోతే వేళ్ళు నలుగుతాయి" అంది మేదినితో.

ఏడేళ్ళయ్యాక నూకాలు, గవరయ్య ఊరి జనంతో వచ్చి మేదినిని తీసుకెళ్ళి గద్దె మీద కూర్చోబెట్టారు. తండ్రిని దాచి గనికొచ్చి, ఆమె పక్కనే రాళ్ళు కొట్టిన కొమరయ్యను ఆమె పెళ్ళాడింది. ఇద్దరూ చాలాకాలం ఏలారు. గద్దె పైన రాగి తీగ వేలాడుతూనే ఉంది.

ఇప్పుడు చెప్పండి జవాబు. అన్న గుమ్మంలో నిలబడ్డాడు. అన్నం పెట్టండి. పట్టుకుని ఏడవండి. ఠాణా దాకా చెయ్యి పట్టుకుని నడిపించండి. కండువా మాత్రం ఉతకొద్దు. ఇప్పటికే ఉతికి ఆరేసినవాళ్ళు మీలో ఉంటే, లేవండి! ఎక్కడో ఒక గవరయ్య మెడకు తాడు బిగుస్తోంది. వెళ్ళి నిజం చెప్పండి.