అడ్డుబండ మీద తీతువు

అనగనగా, రాజు కడుపున రాజు పుట్టని ఒక సరస్సు ఉండేది. ఏటా తొలకరికి పక్షులన్నీ కూడి తమలో ఒకరిని పెద్దగా ఎన్నుకునేవి. నచ్చకపోతే మరుసటి ఏడు మార్చేసేవి.

ఆ సరస్సు నడుమ ఒక లంక. లంక మీద ఒక నల్లటి బండ. దాని పేరు అడ్డుబండ. పెద్ద చెప్పిన మాట నచ్చని పక్షి ఆ బండ ఎక్కి, "నేను ఒప్పుకోను" అనేది. అది పిడికెడంత పిట్టయినా సరే, మాట ముగించేదాకా సభంతా రెక్కలు ముడుచుకొని వినాలి. పెద్ద కూడా వినాలి. అదీ అక్కడి ఆచారం.

ధవళుడనే కొంగ పెద్ద అయింది కూడా ఆ బండ పుణ్యమే. వెనకటి పెద్ద చేపల మడుగంతా తనవాళ్లకే పంచిపెడుతుంటే, ధవళుడు బండెక్కి నిలదీశాడు. ఆ గొంతు విని పక్షులు పొంగిపోయాయి. అతణ్ణే ఎన్నుకున్నాయి.

ఆ ఎండాకాలం నీళ్లు తగ్గాయి. ఒక నక్క బురదలో నడిచి లంక మీదికి వచ్చింది. జమ్ములో ఉన్న నీటికోడి పిల్లను ఎత్తుకుపోయింది. సరస్సంతా వణికింది.

ధవళుడు సభ పెట్టాడు. "శత్రువు గడపలో ఉన్నప్పుడు మనలో మనకు వాదనలేమిటి? నక్క బెడద తీరేదాకా అడ్డుబండ ఎవరూ ఎక్కొద్దు. ఒక్క ఎండాకాలమే!"

"ఇంతేగా!" అన్నాయి పక్షులు.

ఒక్క ఎర్రంచికి మాత్రం ఆ మాట గొంతు దిగలేదు. ఎర్రంచి ఒక తీతువు. తీతువు చెట్టు మీద గూడు కట్టదు, నేల మీదే గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. అందుకే నేల మీద ఏది కదిలినా ముందు దాని కంటనే పడుతుంది, ముందు అదే అరుస్తుంది.

ఎర్రంచి తిన్నగా సంచయ్య దగ్గరికి పోయింది. సంచయ్య ముసలి గూడబాతు. ముక్కు కింద వేలాడే సంచి, నిమ్మళమైన మాట. లంకంతా అతణ్ణి బాబాయ్ అనేది.

"బాబాయ్, నక్క వస్తే బండెందుకు మూయాలి? నక్కేమైనా బండెక్కి ఉపన్యాసం ఇచ్చిందా?"

సంచయ్య నవ్వాడు. "నీ నోటికి అడ్డూ ఆపూ లేదే తల్లీ! బండ ఎక్కడికి పోయింది? అదిగో, అక్కడే ఉందిగా."

అవును, అక్కడే ఉంది. ఎక్కేవాళ్లే లేరు.

తొలకరి వచ్చింది. సరస్సు నిండింది. నక్క ఇక రాలేదు. ఆంక్ష మాత్రం పోలేదు. ఎన్నిక జరగలేదా అంటే, జరిగింది. ఎదురు చెప్పే చోటే లేకపోతే ధవళుడికి ఎదురేముంది? మళ్లీ అతడే పెద్ద.

చలికాలం వచ్చింది. ఎప్పటిలాగే దూరదేశపు బాతులు వచ్చి వాలాయి. ధవళుడు మెడ చాచి అన్నాడు: "నక్కకు దారి చూపింది వీళ్లే. వీళ్లు మనవాళ్లు కారు. తరమండి!"

"మా ముత్తాతలూ ఈ నాచే తిన్నారయ్యా," అంది ఒక ముసలి బాతు. వినేదెవరు? ధవళుడు అప్పటికే నీటికాకులను కాపలా పెట్టుకున్నాడు. అవి ఈతకొట్టి వచ్చి, ఎండలో రెక్కలు చాపుకొని ఆరబెట్టుకునే పక్షులు. రెక్కకు రెక్క తగిలేలా బండ చుట్టూ నిలబడితే నల్లటి దడి కట్టినట్టే ఉండేది. అవే బాతులను తరిమేశాయి.

"ఇంతేగా! మనల్ని కాదుగా!" అన్నాయి పక్షులు.

"ఒక్క మాటకు జవాబు చెప్పు బాబాయ్," అంది ఎర్రంచి. "నక్క వచ్చింది ఎండాకాలంలో. ఎండలు ముదరకముందే బాతులు వెళ్లిపోతాయి. లేనివాళ్లు దారెలా చూపారు?"

సంచయ్య సంచి సర్దుకున్నాడు. "నిజమేననుకో... కానీ మెల్లగా మాట్లాడు. కాపలావాళ్లు వింటారు."

"చూశావా! మొన్న ఎండాకాలంలో నోటికి అడ్డూ ఆపూ లేదని నవ్వావు. ఇప్పుడు మెల్లగా అంటున్నావు. మారింది నా నోరా, మన సరస్సా?"

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఈసారి ధవళుడు ఇలా చాటించాడు: "పొద్దు పొడవగానే అందరూ కళ్లు మూసుకొని ఒకే కూత కూయాలి. కొంగ కూత. వేరే గొంతు వినిపిస్తే అది నక్కకు చుట్టమే. ముఖ్యంగా ఆ తీతువు! దాని అరుపే అపశకునం. నోరు విప్పిందా, దాని గూడు తొక్కించేస్తా."

"ఇంతేగా! కూతేగా!" అన్నాయి పక్షులు. లకుముకి పిట్ట కొంగలా కూయబోయి దగ్గింది. సంచయ్య కూస్తే కప్ప బెకబెకలాడినట్టుంది. ఎవరికీ నవ్వే ధైర్యం లేదు.

ఎర్రంచి అప్పుడే బండ పక్కన నాలుగు గుడ్లు పెట్టుకుంది. కాపలా నాయకుడు మసిరెక్క ఆ గుడ్ల దగ్గరే కాలు మోపి నిలబడ్డాడు.

ఒక ఉదయం. లంకంతా కళ్లు మూసుకొని కొంగ కూత కూస్తోంది. నీళ్లు ఇంకిన బురదలో మూడు నక్కలు మెల్లగా వస్తున్నాయి. ఒడ్డున ఎగరడం రాని నీటికాకి పిల్లలు ఆడుకుంటున్నాయి.

ఎర్రంచి మాత్రం కళ్లు మూసుకోలేదు. నక్కలను చూసింది. అరిస్తే తన గుడ్లు పోతాయి. అరవకపోతే ఆ పిల్లలు పోతాయి. ఒకసారి గుడ్ల వైపు చూసింది. ఒకసారి ఒడ్డు వైపు చూసింది. చటుక్కున లేచి, నల్లటి దడి మీదుగా ఎగిరి, అడ్డుబండ మీద వాలింది. గొంతు చించుకొని అరిచింది.

కూత ఆగింది. కళ్లు తెరుచుకున్నాయి. లంకంతా ఒక్కసారిగా ఒడ్డు మీదికి విరుచుకుపడింది. సంచయ్య రెక్కతో కొట్టిన దెబ్బకు ఒక నక్క బురదలో బోర్లా పడింది. మిగతా రెండూ వెనక్కి చూడకుండా పరుగెత్తాయి. పడినదీ లేచి వాటి వెంట పడింది. ఒక్క పిల్లకూ ఏమీ కాలేదు.

"చూశారా!" అని ధవళుడు రంకె వేశాడు. "ఇది అరిచింది, నక్కలు వచ్చాయి! మసిరెక్కా, తొక్కెయ్ ఆ గూడు!"

ఎర్రంచి బండ దిగలేదు. "నేను అరిచినందుకు నక్కలు రాలేదు ధవళన్నా. నక్కలు వచ్చినందుకు నేను అరిచాను. నువ్వు ఈ బండెక్కిన రోజున రెక్కలు ముడుచుకొని నీ మాట విన్నాను. ఇప్పుడు నా వంతు. నేను ఒప్పుకోను. రెక్కలు ముడుచుకో!"

మసిరెక్క కాలెత్తాడు. అతడు ఒడ్డున వణుకుతున్న తన పిల్లల వైపు చూశాడు. ఎత్తిన కాలు గూటికి ఎడంగా పెట్టాడు. చాచిన రెక్కలు మెల్లగా ముడిచాడు. అతణ్ణి చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. నల్లటి దడి విడిపోయింది.

నిరుడు బిడ్డను పోగొట్టుకున్న నీటికోడి బండెక్కింది. "నా బిడ్డ పేరు చెప్పి ఈ బండ మూశావు. నా బిడ్డను తిన్నది నక్క, ఈ బండ కాదు. నేనూ ఒప్పుకోను."

"జరగండమ్మా, నా సంచికీ కాస్త చోటివ్వండి," అంటూ సంచయ్య ఎక్కాడు. "నేనూ ఒప్పుకోను. మొదటి రోజే అనాల్సిన మాట."

చివరికి ధవళుడూ రెక్కలు ముడిచాడు. ముడవక ఏం చేస్తాడు? చాచిన రెక్కలు అతడివే మిగిలాయి మరి!

తొలకరికి కొత్త పెద్ద వచ్చాడు. చలికాలానికి బాతులూ వచ్చాయి, ఈసారి లంకంతా ఎదురెళ్లి పిలుచుకొచ్చింది. ఎర్రంచినే పెద్దగా ఉండమని అడిగితే, "నాకు పిల్లల పనుంది. ఎవరినైనా పెట్టుకోండి. కానీ బండ మీద నాచు పట్టనివ్వకండి," అంది. అప్పటినుంచి ఆ సరస్సులో ప్రతి సభా ఎవరో ఒకరు అడ్డుబండ ఎక్కాకే మొదలవుతుంది.

పిల్లలూ, గుర్తుంచుకోండి: స్వేచ్ఛ ఒక్క రోజులో పోదు, "ఇంతేగా" అని మనం ఊరుకున్న ప్రతిసారీ కొంచెం పోతుంది, కాబట్టి "ఒప్పుకోను" అనే మాట మొదటిసారే అనాలి, అప్పుడు అనలేకపోతే ఇప్పుడైనా అనాలి.