కుక్క ముందు పరిగెత్తి వెనక్కి ఎందుకు చూస్తుంది

ఒకప్పుడు కుక్కలు మనిషి వెనకే నడిచేవి. ముందు నడిస్తే మర్యాద కాదు. ఈ మర్యాద పెట్టింది కుక్కలు కాదు, మనమే. దారి తెలిసినా తెలియకపోయినా ముందు నడవాలన్న సరదా మనకి ఆ రోజుల్లోనూ ఉండేది. పాపం, కుక్కలకి లోకమంటే ఎదరున్న రెండు మడమలే. ఏ మడమకి ఎన్ని పగుళ్లున్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవి.

కొండ కింద ఒక ఊళ్లో దాలినాయుడనే రైతు ఉండేవాడు. అతనికి రెండు కుక్కలు. ఒకటి గంగులు. ముసలిది, మర్యాద తప్పనిది. రెండోది మిరియం. నల్లగా, గుండ్రంగా ఉండేది. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే.

చలికాలంలో నూర్పులైపోయి గాదెలు నిండాక పనిలేని రోజులు కొన్ని వచ్చేవి. ఆ రోజుల్లో ఇంట్లో కనబడితే ఆడవాళ్లు ఏదో ఒక పని చెబుతారు. అందుకని మగవాళ్లు కుక్కల్ని వెంటేసుకుని కొండమీదికి షికారు వెళ్లేవారు.

అలా ఒక ఉదయం దాలినాయుడు పిలిస్తే మిరియం కదల్లేదు. గడ్డివాములో దాని పిల్లలున్నాయి. ఇంకా కళ్లయినా తెరవలేదు. తల్లి పొట్ట వెచ్చగా తగలకపోతే ఆ చలికి బతకవు. ఆ సంగతే చెప్పింది.

"ఎక్కామా, దిగామా. పొద్దు నడినెత్తికి రాకముందే నీ పిల్లల దగ్గరుంటావు" అన్నాడు దాలినాయుడు.

యజమాని మాట. మిరియం లేచింది.

కొండమీద వలిసెపూలు పచ్చగా విరగబూశాయి. దాలినాయుడు పూలు చూశాడు, లోయ చూశాడు, మూట విప్పి కాల్చిన చిలకడదుంపలు తిన్నాడు, తొక్కలు అక్కడే పారేశాడు. తర్వాత ఎండలో ఒక బండమీద నడుం వాల్చాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది, దాటింది. గురక ఆగలేదు. మిరియం బండ చుట్టూ తిరిగింది, గొంతులోనే గుర్రుమంది, తోకతో మొహం మీద కొట్టింది. ఈగ అనుకుని తోలేశాడు.

అతను లేచేసరికి పొగమంచు వచ్చి దారి మీద కూర్చుంది. అది మంచిదే, పాపం. "బాబూ, కాసేపు ఇక్కడ అలుపు తీర్చుకుంటున్నాను. దారి కావాలంటే ఒక్కమాట చెప్పు, పక్కకి జరుగుతాను" అంది.

దాలినాయుడికి అడగడం చేతకాదు. మనలో చాలామందికి ఇప్పటికీ చేతకాదు. పచ్చికట్టెల పొగలా ఉన్నావు, నా కొండ మీద నాకు నువ్వు దారి ఇచ్చేదేటి అన్నాడు. పొగమంచుకి ఒళ్లు మండింది. మంచుకి ఒళ్లు మండడం ఏమిటని అడక్కండి. మండింది, అంతే. జరగడం మానేసి కొండంతా కమ్మేసింది.

నడిచారు. దాలినాయుడు ముందు, కుక్కలు వెనక. చాలాసేపు నడిచాక కాళ్ల కింద చిలకడదుంప తొక్కలు తగిలాయి. ఎవడో తనలాగే దుంపలు తిన్నట్టున్నాడనుకుని దాలినాయుడు ముందుకి సాగాడు. మళ్లీ నడిచారు, మళ్లీ తొక్కలు. ఈ కొండ మీద దుంపలు తినేవాళ్లు ఎక్కువైపోయారని విసుక్కున్నాడు.

మిరియం లోపల్లోపల ఉడికిపోతోంది. పొద్దు వాలుతోంది. పాలు నిండి పొట్ట సలుపుతోంది. ఎడమ పక్కనుంచి ఊరి పొయ్యిల వాసన, అందులోనే సన్నగా తన గడ్డివాము వాసన వస్తున్నాయి. గంగులుకి చెప్పింది. తనకీ ఎప్పుడో వచ్చిందనీ, వెనక నడిచేవాళ్లు వాసన వచ్చినా రానట్టే ఉండాలనీ, తన తాత ఇలాగే దారి తెలిసి కూడా యజమాని వెనకే గోతిలో పడి వంశం పేరు నిలబెట్టాడనీ గంగులు చెప్పింది.

మిరియం ఇక దాలినాయుడితోనే చెప్పింది, ఊరు ఎడమ పక్కనని.

"మడమల దగ్గర నడిచేదానివి, నీకేటి తెలుసు" అన్నాడతను, వెనక్కి తిరక్కుండానే.

మిరియం ఆ మడమ పట్టుకుని ఒక్క కొరుకు కొరికింది. అతను కుంగేలోగా దూకి ముందు నిలబడింది. లోకం పుట్టాక మనిషికి ఎదర కుక్క నిలబడడం అదే మొదలు. గంగులు సిగ్గుతో తల వంచేసుకుంది.

"పొద్దు నడినెత్తికి రాకముందే అన్నావు" అంది మిరియం. "నీ మాట నమ్మి పిల్లల్ని చలిలో వదిలి వచ్చాను. నీకు దారి తెలీదు. తెలీదని కూడా తెలీదు. నేను పోతున్నాను."

ఎడమ పక్కకి పరిగెత్తింది. కొంతదూరం పోయాక చూస్తే వెనక అడుగుల చప్పుడు లేదు. మంచులోంచి గొంతు మాత్రం సన్నగా వినబడుతోంది. దారి నాకు తెలుసు, దారి నాకు తెలుసు అని వణుకుతోంది ఆ గొంతు, ఉన్నచోటే ఉండి.

"వాణ్ణి నాకొదిలేసి నువ్వు పో" అంది పొగమంచు, ఇంకా కోపం దిగక. "తెల్లారేసరికి బిగుసుకుపోతాడు. నీ పిల్లలు నీకు దక్కుతాయి."

మిరియం ఒక అడుగు వేసింది. ఆగింది. వెనక ఆ గొంతు, ఎటు పాకాలో తెలియక కుయ్యిమనే గొంతు, దానికి బాగా తెలిసినదానిలాగే ఉంది.

"ఇదొకటి" అంది పళ్లు నూరుతూ. "పుట్టి ఇన్నేళ్లయింది, ఇంకా కళ్లు తెరవలేదు."

వెనక్కి తిరిగింది. గట్టిగా మొరిగి, కళ్లెర్రజేసి నిలబడింది. ఆ కళ్లు మంచులో నిప్పుల్లా వెలిగాయి. వాటిని చూసుకుంటూ దాలినాయుడు కుంటుకుంటూ వచ్చాడు, అతని వెనక గంగులు. వాళ్లు రాగానే మిరియం మళ్లీ పరిగెత్తింది, మళ్లీ ఆగింది, మళ్లీ తిరిగి చూసింది. ఆగిన ప్రతిసారీ పిల్లలకి ఆలస్యమవుతోంది. ప్రతిసారీ కోపం పెరుగుతోంది. అయినా ఆగింది.

ఊరు చేరేసరికి చీకటి పడింది. గడ్డివాములో పిల్లలు ఒకదాని మీద ఒకటి ముద్దగా పడి ఉన్నాయి. మిరియం ముక్కుతో ఒక్కొక్కదాన్నీ కదిపింది. అన్నిటికంటే చిన్నది కదల్లేదు. దాన్ని నాకింది, పొట్టకింద వేసుకుని మళ్లీ నాకింది. చాలాసేపటికి అది చిరాగ్గా మూలిగి తల్లిని కాలితో తన్నింది. అప్పుడు మిరియం ఊపిరి వదిలింది.

మర్నాడు దాలినాయుడు అరుగు మీద కూర్చుని, రెండు కుక్కల్నీ ఆ మంచులోంచి తనెలా క్షేమంగా దింపుకొచ్చాడో అందరికీ చెప్పాడు. మడమకి ఆ కట్టేమిటని అడిగితే ముల్లన్నాడు. మిరియం పిల్లలకి పాలిస్తూ అంతా వింది. మళ్లీ షికారుకి బయల్దేరినప్పుడు మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చి ముందు నిలబడింది. వెనక్కి పొమ్మనే ధైర్యం దాలినాయుడికి లేకపోయింది.

అప్పటినుంచే కుక్క మనిషికంటే ముందు పరిగెత్తుతుంది, నాలుగంగలు వేసి ఆగుతుంది, వెనక్కి తిరిగి చూస్తుంది. నా కుక్కకి నేనంటే ఎంత ప్రేమో అని మనం మురిసిపోతాం. ప్రేమ ఉంటే ఉండొచ్చు. ఆ చూపు అడిగేది మాత్రం ఒక్కటే: వస్తున్నావా లేదా, నాకు ఇంటి దగ్గర పనుంది.