ఓలేసు అడిగిన ఊపిరి

ఈ కథ మొదట చెప్పింది మా మేనత్త గంగులమ్మ. ఆవిడ చెప్పినట్టే చెబుతాను. ఇంకోలా విన్నామని ఎవరైనా అంటే, వాళ్ళు విన్నది తప్పు.

అనగా అనగా, సముద్రం ఇప్పుడున్న చోటికి ఇంకా రాని రోజుల్లో, మొగపేట అని ఒక పేట. పేటకంతటికీ ఒకటే పెద్దవల, నడుమ చేపలు పడే సంచితో. పడవవాళ్ళు దాన్ని నీళ్ళలో అర్ధచంద్రంలా పరిచి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెచ్చి ఇచ్చేవారు. ఈ తాడుకి సగం పేట, ఆ తాడుకి సగం పేట. మేస్త్రీ ఇసుక దిబ్బ మీద నిలబడి కేక వేస్తే అందరూ ఒక్కసారి లాగాలి. ఒక తాడు ముందొచ్చి ఇంకోటి వెనకబడిందా, వల వంకర తిరుగుతుంది. చేపలు వచ్చిన దారినే పోతాయి.

ఎడమ తాడుకి చిట్టచివర ఓలేసు. ఒక కాలు ఈడ్చి నడిచేవాడు. ఒడ్డుకొచ్చిన తాడుని చుట్ట చుట్టడం అతని పని. అతన్ని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

మొదటి మేస్త్రీ గవరయ్య. చేతిలో బెత్తం. ఎడమకి చూస్తే ఎడమ తాడు లాగేది, కుడి తాడు ఊరుకునేది. కుడికి తిరిగితే కుడి తాడు లాగేది, ఎడమ తాడు ఊరుకునేది. వల వంకర. సంచి ఖాళీ.

రెండో మేస్త్రీ సత్తెయ్య. మెత్తని మనిషి. "మీ ఇష్టం నాయనా, మీకు తెలీందేటుంది" అని దిబ్బ వెనక నీడలో నడుం వాల్చేవాడు. ఎడమ తాడు చుట్ట కాల్చుకునేది, కుడి తాడు కబుర్లాడుకునేది. నువ్వు ముందు లాగంటే నువ్వు ముందు లాగు. వల వంకర. సంచి ఖాళీ.

వల సావుకారిది. ఆయన వచ్చి, "పున్నమికి సంచి నిండకపోతే వల బండెక్కించి ఏటవతలి వాళ్ళకి ఇచ్చేస్తాను" అన్నాడు. వల పోతే పేటకి మిగిలేది సముద్రం అవతల రంగం దేశానికి కూలికి పోయే ఓడే. ఆ ఓడెక్కిన ఓలేసు తమ్ముడు మళ్ళీ రాలేదు.

ఇక మేస్త్రీగా ఉంటానని ఎవరూ ముందుకి రాలేదు.

"ఓలేసుని పెట్టండి" అన్నాడు కుడి తాడు పోలిగాడు. "వల పోతే తిట్టడానికి ఒకడుంటాడు."

అందరూ నవ్వారు. అలా ఓలేసు మూడో మేస్త్రీ అయ్యాడు.

దిబ్బ ఎక్కబోయాడు. కాలు సాగలేదు. కిందే, రెండు తాళ్ళ మధ్య నిలబడ్డాడు. కుడి తాడు పట్టిన ముసలి కాములమ్మని అడిగాడు.

"అప్పా, మనకెందుకు కుదరట్లేదు?"

"ఇన్నాళ్ళకి అడిగినోడివి నువ్వేరా. కేక మా ఊపిరికంటే ముందొచ్చేస్తాది. ఊపిరందకుండా లాగితే చెయ్యి లాగుతాది గాని ఒళ్ళు రాదు."

"అయితే నీకు ఊపిరందినప్పుడు చెప్పు. అప్పుడే కేకేస్తాను."

"మేస్త్రీ నువ్వా, ముసిల్దా?" అన్నాడు పోలిగాడు.

"నాను కేకేసీవోణ్ణే" అన్నాడు ఓలేసు.

మొదటిసారి వల తిన్నగా వచ్చింది. నాలుగు చేపలు పడ్డాయి. అవే చాలనిపించాయి.

రెండోసారి నీళ్ళ మీద పిట్టలు ముసిరాయి. కింద చేపల గుంపు ఉందన్నమాట. ఓలేసుకి తమ్ముడు గుర్తొచ్చాడు. కాములమ్మ నోరు విప్పకముందే కేక వేసేశాడు. కుడి తాడు వెనకబడింది. వల వంకర. సంచి ఖాళీ.

తప్పు మీదంటే మీదని రెండు తాళ్ళూ తిట్టుకున్నాయి. ఓలేసు మధ్యలోకి వచ్చాడు.

"ఎవురిదీ కాదు. పిట్టల్ని చూసి ఆశపడ్డాను. ఊపిరి అడక్కుండా కేకేసినాను. తప్పు నాది."

మేస్త్రీ నోట ఆ మాట పేట ఎన్నడూ వినలేదు. పోలిగాడు ఇసుక గీకుతూ, "నానూ తాడొదిలేసినానులే. సగం నాది" అన్నాడు.

మూడోసారికి పున్నమి రానే వచ్చింది. సముద్రం పోటు మీదుంది. సావుకారి బండి కట్టించుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఆ ముసలిదాన్ని తప్పించు. బెత్తం పట్టు" అన్నాడు.

ఓలేసు బెత్తం ముట్టుకోలేదు. "వల తమరిది బాబూ. ఊపిరి వాళ్ళది" అని కాములమ్మ వైపు తిరిగాడు.

"ఊపిరి ఉందా అప్పా?"

"ఆగు."

"ఊపిరి ఉందా?"

"ఆగరా."

"ఊపిరి ఉందా?"

"ఉంది."

కేక వేశాడు. లాగిన ప్రతిసారీ అడిగాడు, అడిగిన ప్రతిసారీ ఆగాడు. పోలిగాడి వైపు ఎవరూ చూడటం లేదు. తాడు కోసి అరచెయ్యి నెత్తురు కారుతోంది. అయినా వదల్లేదు. రెండు తాళ్ళూ అన్నదమ్ముల్లా ఒక్క వరసన ఒడ్డెక్కాయి. సంచి నిండా కవళ్ళ చేపలు.

సావుకారి బండి చేపలతో పోయింది. వల పేట ఇసుక మీదే ఆరింది.

ఓలేసు పోయి ఎన్ని తరాలయిందో. అతనికి గుడి లేదు, రాయి లేదు. కానీ ఇప్పటికీ మా ఒడ్డున మేస్త్రీ దిబ్బ ఎక్కడు. కిందికొచ్చి, తాడు పట్టినవాళ్ళలో పెద్ద వయసువాళ్ళని "ఊపిరి ఉందా?" అని అడిగి, ఉందంటేనే కేక వేస్తాడు. ఎవడైనా తప్పు చేసి నీళ్ళు నములుతుంటే, "ఓలేసు మాట అనెయ్యరా" అంటారు. అనేస్తే అక్కడితో సరి.

మొన్న ఒడ్డున వలల షెడ్డు కట్టారు. గవరయ్య వంశంవాళ్ళు దాని మీద ఎర్రరంగుతో గవరయ్య పేరు రాయించారు, ఈ ఆనవాయితీ ఆయనే పెట్టాడని. ఆయన పెట్టింది బెత్తం. నాకు అక్షరాలు కుదురుగా రావు. వచ్చినవాళ్ళు ఎవరైనా వెళ్ళి ఆ పేరు చెరిపి, అక్కడ ఓలేసు అని రాయండి. పక్కన కాములమ్మ అని కూడా.