పరిమళమ్మ గారి పొయ్యి

పరిమళమ్మ గారికి ఒక అలవాటు ఉంది. ప్రార్థన చెయ్యమని ఎవరైనా చీటీ రాసి ఇస్తే మోకాళ్లూని ప్రార్థిస్తారు. లేచాక ఆ చీటీని తన కట్టెల పొయ్యిలో వేసేస్తారు. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మగా ఆమె మా బాడవపేటలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశారు. వారానికి పది చీటీలు వేసుకున్నా ఇరవై వేలకు కాస్త తక్కువ. వాటిలో ఒక్కటంటే ఒక్క చీటీలోని మాట కూడా ఆమె నోట మేమెవరమూ వినలేదు.

ఒక బుధవారం ఉదయం, సండే స్కూలు నేర్పే మేం నలుగురం ఆమె వంటింట్లో పాఠానికి కూర్చున్నాం. అప్పుడు మాలో గిటారు వాయించే షడ్రకు అడిగాడు.

"అమ్మగారూ, సిగరెట్టు మానాను. పేకాట మానాను. సినిమా చూసి రెండేళ్లయింది. బూతుమాట నోట్లోంచి రాదు. విశ్వాసి వదిలించుకోవాల్సిన అలవాటు ఇంకా నాలో ఏదైనా మిగిలిందంటారా?"

"గొప్పలు చెప్పుకోవడం మిగిలిందిగా అన్నా," అంది కెజియ. అందరం నవ్వాం.

పరిమళమ్మ గారు మాత్రం గొట్టంతో పొయ్యి ఊదుకుంటూ ఉండిపోయారు. అంతలో తబిత వచ్చి గుమ్మం బయటే నిలబడింది. తబిత అన్నది ఆమె అసలు పేరు కాదు. ఆమెను అడిగి, పేర్లూ పనులూ మార్చి రాస్తున్నాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

"లోపలికి రా అమ్మా," అన్నారు పరిమళమ్మ గారు.

"రాను అమ్మగారూ. ఈ తమ్ముణ్ణి ఒక్క మాట అడిగి పోతాను." షడ్రకు వైపు తిరిగింది. "ఎవరికీ చెప్పొద్దు, ప్రార్థన మాత్రం చెయ్యి అన్నానా లేదా?"

తబిత భర్త జెబులూను స్కూలు బస్సు నడుపుతాడు. పదకొండు నెలల కిందట తాగుడు మానాడు. ఆదివారం, సెలవు రోజు, బంధువుల పెళ్లిలో ఎవరో బలవంతం చేస్తే తాగాడు. ఇంటికి వచ్చి ఏడ్చాడు. సోమవారం తబిత ఆ సంగతి షడ్రకుతో చెప్పుకుంది, మా సంఘంలో ప్రార్థన విన్నపాలు తీసుకునేది అతనే కనుక. మంగళవారం పొద్దున ఆరున్నరకు ఆ సంగతి సంఘం వాట్సాప్ గ్రూపులో ఉంది.

"పేరు పెట్టలేదక్కా!" అంటూ షడ్రకు ఫోను తీసి చదివాడు. "'మన సంఘంలో బస్సు నడిపే ఒక సహోదరుడు పదకొండు నెలల తర్వాత మళ్లీ తాగుడులో పడిపోయాడు. పేరు చెప్పడం లేదు. భారంతో ప్రార్థించండి.' చూశారా, పేరు లేదు."

ఆ గ్రూపులో మేం రెండువందల పన్నెండు మందిమి. అందరిలో బస్సు నడిపేవాడు ఒక్కడే. ఆ మాట కింద నూట నలభై ఆరు ఆమేన్‌లు ఉన్నాయి. వాటిలో ఒకటి నాది. నేను మోకరించలేదు, కనీసం కళ్లయినా మూయలేదు. పళ్లు తోముకుంటూ వేలితో నొక్కి, తర్వాత ఇద్దరికి ఫోన్ చేసి "విన్నావా?" అన్నాను.

"నిన్న మా ఇంటికి తొమ్మిది మంది వచ్చారు," అంది తబిత. "ప్రార్థన చేసింది ఇద్దరు. మిగతా ఏడుగురూ ఎంత తాగాడు, నిన్ను కొట్టాడా అని అడిగి పోయారు. సాయంత్రం స్కూలువాళ్లు బస్సు తాళాలు తీసేసుకున్నారు. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఒకటే మాట అంటున్నాడు. 'ఎలాగూ తాగుబోతునని అందరూ అన్నారు కదా, ఇంక మానడం ఎవరి కోసం?' అని. ఆయన్ని ఒక్కణ్ణీ వదిలి ఇంతసేపు ఉండాలంటే భయంగా ఉంది. పోతాను."

ఆమె వెళ్లిపోయింది. పరిమళమ్మ గారు గొట్టం పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

"షడ్రకూ, మూడేళ్ల కిందట నువ్వు నాకొక చీటీ రాసి ఇచ్చావు. గుర్తుందా?"

అతను ఫోను కింద పెట్టేశాడు.

"ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో చదువుతాను. పేరు చెప్పనులే. మన సంఘంలో గిటారు వాయించే ఒక సహోదరుడు అంటాను."

మా సంఘంలో గిటారు కూడా ఒక్కటే.

"వద్దమ్మగారూ! మీ కాళ్లు పట్టుకుంటాను."

"ఎందుకురా వద్దు? ప్రార్థన కోసమే కదా?"

ఎవరమూ నవ్వలేదు. ఆ చీటీలో ఏముందో తెలుసుకోవాలని ఆ క్షణాన నాకెంత ఆశ పుట్టిందో రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది.

"భయపడకు. అది ఆ రోజే ఇదే పొయ్యిలో కాలిపోయింది," అన్నారామె. "కాలిపోయింది కనకే మూడేళ్లుగా అందరి ముందూ నిలబడి పాడుతున్నావు. నీకు మూడేళ్లు దొరికాయి. జెబులూనుకు మూడు రోజులు కూడా ఇవ్వలేకపోయావా?"

షడ్రకు కళ్లు తుడుచుకుని ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "ఇప్పుడే గ్రూపులో క్షమాపణ పెడతానమ్మగారూ."

"మళ్లీ గ్రూపా!" ఆ కేకకు కెజియ ఉలిక్కిపడింది. "ఆ ఫోను అక్కడ పెట్టు. నడిచి స్కూలుకు వెళ్లు. నువ్వు కళ్లారా చూసింది ఏమీ లేదని, అతను తాగి బస్సెక్కలేదని చెప్పు. అక్కడినుంచి జెబులూను దగ్గరికి వెళ్లి కూర్చో. ఏమీ అడక్కు. నీతిబోధ అసలే వద్దు."

షడ్రకు ఫోను పీట మీద వదిలి వెళ్లాడు. అది మోగుతూనే ఉంది. నేను లెక్కపెట్టాను, ముప్పై ఒక్కసార్లు. పరిమళమ్మ గారు దానివైపు చూడనైనా చూడలేదు.

మధ్యాహ్నం దాటాక చెప్పుల నిండా దుమ్ముతో షడ్రకు తిరిగి వచ్చాడు. "హెడ్‌మాస్టరు గారు తాళాలు ఇవ్వలేదు. వారం చూసి చెబుతామన్నారు. జెబులూనన్న పక్కన రెండు గంటలు కూర్చున్నాను. మొదట పొమ్మన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. చివరికి లేచి ముఖం కడుక్కుని అన్నం తిన్నాడు. తబితక్క నాతో మాట్లాడలేదు."

పరిమళమ్మ గారు తలూపి, ఒక గ్లాసు మంచినీళ్లు అతని ముందు పెట్టారు. నీళ్లు తాగేసరికి షడ్రకు ముఖం వెలిగింది.

"అమ్మగారూ, ఈ రోజు నా కళ్లు తెరుచుకున్నాయి. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెబుతాను. జరిగిందంతా చెబుతాను. జెబులూనన్న పేరు మాత్రం ఎత్తకుండా..."

ఆమె పొయ్యిలోకి ఇంకో కట్టె తోశారు.

"ఒక చీటీ మీద రాసి ఇవ్వు నాయనా. పొయ్యి ఇంకా ఆరలేదు."