ఇంటి వైపు గోడ

చౌడప్పకు షెడ్డు తలుపు ఎటు పెట్టాలో తేలలేదు.

తూర్పున పెడితే పొద్దుటెండ నేరుగా లోపలికొచ్చి బొమ్మరైలు సన్నపట్టాలు వంకర తిరుగుతాయి. పడమట పెడితే గాలి. ఆషాఢంలో గుంతకల్లు గాలి గాలి కాదు, మట్టి. ఉత్తరాన ప్రహరీ అడ్డం. ఇక మిగిలింది దక్షిణం. దక్షిణాన ఇల్లుంది. అటు తలుపు పెట్టాలన్న ఆలోచనే అతనికి రాలేదు.

చౌడప్ప రైలింజన్ డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. ఊరుగాని ఊళ్ళలో, డ్రైవర్లు దిగే రన్నింగ్ రూముల్లో తోటివాళ్ళు పేకాడుకుంటుంటే అతను రేకు ముక్కలు, ఇత్తడి తీగలు ముందేసుకుని చిన్న చిన్న ఇంజన్లు చేసేవాడు. అవి కరెంటిస్తే నిజంగా నడిచేవి. పెరట్లో ఒక షెడ్డు కట్టి, తను తొలిరోజుల్లో బండి తోలిన నల్లమల లైను మొత్తం, వంతెనతో సొరంగంతో సహా, బల్లల మీద పరవాలని అతని కోరిక.

రిటైరైన ఏడాదే భార్య సుంకమ్మకు పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది. నోరు పక్కకు పోయింది. మాట్లాడబోతే గొంతులోంచి ఏదో గుంజుకొచ్చినట్టు శబ్దం వచ్చేది. ఆ గొంతు వింటే చౌడప్ప ఆ గదిలో నిలవలేకపోయేవాడు. మొగుడు పోయి ఒంటరిగా ఉన్న చెల్లెలు ఓబుళమ్మను పిలిపించి, వదినను ఆమెకు అప్పగించాడు. తను పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ముగ్గుపిండితో నేలమీద గీతలు గీశాడు. చెరిపాడు. మళ్ళీ గీశాడు. వాననీళ్ళు రాకుండా పునాది మోకాలెత్తు లేపాలి. చెదలు పట్టకుండా బల్లలకు ఇనపకాళ్ళు పెట్టాలి. దుమ్ము దూరకుండా కిటికీలే వద్దు. అన్నీ తేలాయి. తలుపే తేలలేదు.

ఊరవతల గుట్ట కింద చిన్న దర్గా ఉంది. అక్కడ ఖాదర్ సామి అనే ముసలి ఫకీరు ఉండేవాడు. చౌడప్ప ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే ఆయన్ను గురువుగా పట్టుకున్నాడు. ఊళ్ళో ఉన్న ప్రతి గురువారం పోయి ఆయన దగ్గర కూర్చునేవాడు.

ఆ గురువారం కూడా పోయి అడిగాడు. "తలుపు యాడ పెట్టల్ల సామీ?"

ఖాదర్ సామి చిరిగిన కంబళి కుట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "సుంకమ్మ ఎట్లుండాది?"

"అట్లే ఉండాది సామీ."

"ఊఁ," అన్నాడాయన. "ఒగ దినం వస్తాలే."

చెప్పినట్టే వచ్చాడు. అప్పటికి మూడు గోడలు లేచి ఆరిపోయాయి. ఇంటి వైపు గోడ ఆ పొద్దుటే పూర్తయింది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. తలుపు తేలేదాకా అని తూర్పు గోడలో వదిలిపెట్టిన ఖాళీలోంచి చౌడప్ప గురువును లోపలికి తీసుకుపోయాడు. వంతెన ఎక్కడ వస్తుందో, సొరంగం ఎక్కడ తవ్వుతాడో, వైర్లు ఏ మూలనుంచి పోతాయో చేతులు తిప్పుతూ చెప్పాడు. ముసలాయన ఓపిగ్గా విన్నాడు.

"ఈ బండి యాడికి పోతాది నాయనా?"

"యాడికీ పోదు సామీ. చుట్టు తిరిగి ఈడికే వస్తాది."

ఆయన తలూపాడు. ఇంటి వైపు గోడ దగ్గరికి నడిచి, కళ్ళకు ఎదురుగా ఉన్న ఇటుకను రెండు చేతులా పట్టుకుని కదిపాడు. అది ఊడి వచ్చింది. కింద పెట్టాడు. దాని పక్కది లాగాడు. ఇంకొకటి లాగాడు. మనిషి మొహమంత కంత పడింది.

"సామీ! ఏం చేస్తాండావు? అటుపక్క ఇల్లుండాది!"

"ఉండాది గదా," అన్నాడు ఖాదర్ సామి. చేతులు దులుపుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

చౌడప్పకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో గురువు మీద అతనికి కోపం రావడం అదే మొదలు. కంతలోంచి అవతలికి చూడనైనా చూడలేదు. సిమెంటు కలుపుకొచ్చి, పళ్ళు కొరుకుతూ ఒక్కొక్క ఇటుకే మళ్ళీ పెట్టసాగాడు. ఇంకొక్కటి మిగిలి ఉండగా ఓబుళమ్మ వచ్చింది. ఆమె చేతిలో సంగటి పళ్ళెం ఉంది.

"వదిన ఈపొద్దు గూడా ముద్ద ముట్టలేదన్నా."

"నన్నేం చేయమంటావు?"

"నిన్న ఈ గోడ కిటికీ ఎత్తు లేసినప్పటినుంచి ఇంతే. నువ్వు పునాది తవ్విన దినం నాకు సైగ చేసి మంచం కిటికీ కాడికి జరిపించుకునింది. పొద్దస్తమానం నిన్ను చూస్తా పండుకునేది. ఇప్పుడేముండాది, గోడే గదా కనబడేది."

ఆమె పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. చౌడప్ప చేతిలో ఇటుక అట్లాగే ఉండిపోయింది.

చాలాసేపటికి వంగి ఆ సందులోంచి చూశాడు. అవతల కిటికీ ఊచలు. ఊచల వెనక దిండు. దిండు మీద సుంకమ్మ మొహం. రెప్ప వెయ్యకుండా గోడనే చూస్తూ ఉంది. సందులో అతని కన్ను కనబడగానే, బాగున్న చెయ్యి మెల్లగా లేచి ఊచను పట్టుకుంది.

చౌడప్ప ఇటుక కింద పెట్టాడు. తొట్టి దగ్గర చేతులు కడుక్కుని ఇంట్లోకి పోయాడు.

మంచం పక్కన కూర్చున్నాడు. ఆమె పక్కన ఊరికే కూర్చోవడం అతనికి అలవాటు లేదు. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఇంటికి రావడం, ఆమె పెట్టింది తినడం, నిద్రపోవడం, డ్యూటీకి పోవడం. "రిటైరైతే ఇంటిపట్టునే ఉంటాలే," అని మాత్రం ఎన్నోసార్లు అన్నాడు. సుంకమ్మ నోరు కదిపింది. మళ్ళీ అదే గొంతు. లేచి పారిపోవాలనిపించి మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు.

"ఏమే? ఏం కావల్ల?"

ఆమె మళ్ళీ అంది. ఒకటే మాట. అతనికి అంతుపట్టలేదు.

ఆ రోజు నుంచి అతను ఆ గది వదల్లేదు. తినిపించడం నేర్చుకున్నాడు, పక్క మార్చడం నేర్చుకున్నాడు. ఒకసారి తను చేసిన ఇంజన్ తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కాసేపు నిమిరి పక్కన పెట్టి, అతని మొహంలోకి చూస్తూ ఆ మాటే అంది. నీళ్ళా? కాలు నొప్పా? ఓబుళమ్మను పిలవాలా? ఏదడిగినా కాదన్నట్టు కళ్ళు మూసుకునేది. కాసేపాగి, అలిగినట్టు కాకుండా, ఓపిగ్గా మళ్ళీ అనేది.

శ్రావణంలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఆ మాటే సగం అని సుంకమ్మ పోయింది. ఆమె చెయ్యి అతని చేతిలోనే ఉంది.

కర్మలన్నీ ముగిశాక చౌడప్ప తడుస్తూ దర్గాకు పోయాడు. గురువు ముందు కూలబడ్డాడు.

"కడదాకా ఒకటే మాట అనింది సామీ. నాకు తెలియకనే పాయ. అదేందో నువ్వన్నా చెప్పు."

ఖాదర్ సామి ఒళ్ళోని కంబళి తీసి పక్కన పెట్టాడు.

"నేను చెప్తే అది నా మాటయితాది నాయనా."

చౌడప్ప తలవంచుకున్నాడు. చాలాసేపు ఏడ్చాడు. ముసలాయన ఓదార్చలేదు, ఊరుకోమనలేదు. బయట వాన పడుతూనే ఉంది.

చివరికి ఆయనే అడిగాడు. "షెడ్డు మీద రేకులేసినావా?"

"లేదు సామీ. గోడలు నానుతాండాయి. ఇంగ అదేమిటికి?"

ఖాదర్ సామి మోకాళ్ళమీద చేతులానించి లేచాడు. దర్గా వెనక్కి పోయి, సున్నం కొట్టేటప్పుడు వాడే వెదురు నిచ్చెన ఈడ్చుకొచ్చాడు. దాన్ని లేపి చౌడప్ప భుజం మీద పెట్టాడు.

"ఎత్తుకపో," అన్నాడు. "ఏడ్చేదానికైనా నెత్తిమీద రేకుండల్ల గదా."