ఒక్క వాకిలి బస

రండమ్మా, దగ్గరికి జరగండి. స్తంభానికి ఆనుకున్న పెద్దాయనా, మీరూ ముందుకు రండి, నా గొంతు అంత దూరం రాదు. స్వామిని ఒక్కసారి మనసులో తలుచుకుని వినండి.

ఎండాకాలం. కొండమీది దేవుడి ఉత్సవానికి అడవి జంతువులన్నీ బయలుదేరాయి. దారిలో గుంటనక్క పెద్ద బొరియ తవ్వి యాత్రికులకు బస పెట్టింది. ఆ అడవిలో ఒక కట్టుబాటుంది. వచ్చిపోయేవాళ్లు దిగేది హోటలు. వాళ్లకు చోటు కొత్త కాబట్టి రెండు వాకిళ్లుండాలి. ఏడాది పొడుగునా ఉండేవాళ్లది హాస్టలు. వాళ్లకు మూలమూలా తెలుసు కనుక ఒక వాకిలి చాలు. నక్క బసకున్నది ఒక్కటే. రెండోది తెరవాలంటే తన పడకగది గోడ పగలగొట్టాలి మరి!

సాయంత్రం కుందేలు పిల్లలతో వచ్చింది. ఎదురు కొండమీద కార్చిచ్చు పొగ కనిపిస్తోంది.

"నక్కన్నా, ఆ పొగ ఇటొస్తే వెనకనుంచి పోయే దారేదీ?"

"దేవుడి దగ్గరికి పోతూ అవేం మాటలు చెల్లెమ్మా? పడుకో. పొద్దున్నే ఖాళీ చెయ్యాలి, వేరేవాళ్లొస్తారు."

అంతలో వాకిళ్ల తనిఖీకి ఎలుగుబంటి వస్తోందని తెలిసింది. "మేం ఎప్పుడూ ఇక్కడే ఉంటామని చెప్పండి. లేదంటే అందరూ బయటే పడుకోవాలి" అని నక్క లోపలున్న యాత్రికులతో గుసగుసలాడింది.

"ఇది హోటలా, హాస్టలా?" అంది ఎలుగు.

"హాస్టలండీ దొరా! అందరూ ఇక్కడివాళ్లే" అంది నక్క.

ఎలుగు అక్కడ దిగిన యాత్రికుల్లో ఒక ముంగిసకేసి తిరిగింది. "ఎప్పట్నుంచి ఉంటున్నావు?"

"పుట్టినప్పట్నుంచీనండి. మధ్యాహ్నమే వచ్చాను."

"నేనూ పర్మనెంటేనండి" అంది పక్కనున్న ముళ్లపంది. "నీళ్లెక్కడుంటాయో ఇంకా తెలీదు గానీ."

ఎలుగు బుర్ర గోక్కుంది. "మరి ఉత్సవానికి వచ్చిందెవరు?"

"వీళ్లేనండి" అంది నక్క.

"ఇక్కడ ఉండేది?"

"వీళ్లేనండి."

"పోతే హోటలు, ఉంటే హాస్టలు. ఉంటూ పోతుంటే... ఆగాగు, మళ్లీ మొదట్నుంచి చెప్పు."

నక్క మళ్లీ చెప్పింది. ఎలుగుకి ముందు అర్థమైంది కూడా పోయింది. "సరే, హాస్టలే అనుకో" అంటూ వాకిలి మీద గుర్తు గీకడానికి పంజా ఎత్తింది.

కుందేలు ఒకసారి పిల్లలకేసి చూసుకుంది. ముందుకొచ్చింది.

"దొరా, ఒక్క మాట. మేం ఇక్కడివాళ్లమేనని నక్కన్న మీ ముందే అన్నాడు కదా?"

"అన్నాడు."

"అయితే రేపు మమ్మల్ని పొమ్మనడానికి లేదు. ఏడాదంతా ఉంటాం. మా అక్కల్నీ పిలిపిస్తాను!"

"నాకు ఆ పడకగది!" అని అరిచింది ముంగిస.

నక్క ఎలుగు పంజాకి అడ్డం పడింది. "అయ్యయ్యో! వీళ్లు పొద్దున్నే పోయేవాళ్లు దొరా! నా బసకి రోజూ కొత్తవాళ్లు రావాలి!"

ఎలుగు మొహం అప్పటికి తేటపడింది. "అంటే హోటలేగా! రెండో వాకిలి తవ్వు మరి."

అందరూ చూస్తుండగా నక్క తన గోళ్లతోనే తన పడకగది గోడ పగలగొట్టుకుంది. కుందేలు పిల్లల్ని ఆ కొత్త దారిన ఒకసారి బయటికి నడిపించి, మళ్లీ లోపలికి తెచ్చి, అప్పుడు పడుకోబెట్టింది.

ఒకే ఇంటికి రెండు పేర్లు చెప్పి తప్పించుకోవాలనుకున్నవాడు ఆ రెండు పేర్లకూ చిక్కుతాడు.

తల్లులారా, మిగతా కథ మరిచిపోయినా ఫర్వాలేదు. కుందేలు పిల్లల్ని నడిపించింది చూశారూ, అదొక్కటి గుర్తుంచుకోండి. ఏ ఊళ్లో, ఏ సత్రంలో దిగినా, మూట విప్పకముందే మీ పిల్లల్ని బయటికి పోయే దారి వెంట ఓసారి నడిపించండి.